గోడలు ఆరే వరకు

వరద తీసిన తరువాత మేము మొదటిసారి ఇంటికి వెళ్లిన రోజున, వీధి తలుపు తాళం తీయకముందే మా ఎలక్ట్రీషియన్ మీటరు దగ్గరికి వెళ్లి, మెయిన్ స్విచ్ దించి, ఫ్యూజులు రెండూ పీకి తన చొక్కా జేబులో వేసుకున్నాడు. “ఇవి నా దగ్గరే ఉంటాయి టీచర్‌గారూ. వీధిలోకి కరెంటు వచ్చినా సరే, నేను చెప్పేదాకా కింద ఒక్క లైటు కూడా వేయొద్దు,” అన్నాడు. ఆ మాట ఆరోజు నాకు కష్టంగానే తోచింది. తొమ్మిది రోజులు చెల్లెలి ఇంట్లో తలదాచుకుని, మన ఇంట్లో మనం ఒక పూట గడిపితే చాలునని వచ్చినవాళ్లం. కానీ ఆ తరువాతి అయిదు నెలల్లో మా ఇంటిని నిలబెట్టిన ప్రతి పనివాడూ ఏదో ఒక రోజున నాతో ఇదే విధంగా “ఇప్పుడు వద్దు, ఆగండి” అని చెప్పినవాడే. అలా చెప్పలేనివాళ్ల చేతిలో పెట్టిన డబ్బు మాత్రమే మాకు వృథా అయింది. ఆ మంచి పనివాళ్లు ఎక్కడ, ఎందుకు ఆగమన్నారో రాసిపెట్టాలన్నది ఎన్నాళ్ల నుంచో నా మనసులో ఉన్న సంగతి.

మాది విజయవాడలో అజిత్‌సింగ్‌నగర్ వైపు, 1996లో కట్టుకున్న ఇల్లు. కింద మేము ఉంటాము, పై అంతస్తు అద్దెకు ఇచ్చాము. 2024 ఆగస్టు 31న పగలూ రాత్రీ కురిసిన వానకు సెప్టెంబరు 1, ఆదివారం ఉదయానికి వీధిలో నీళ్లు నిలిచాయి. వాననీరే కదా, సాయంత్రానికి తీస్తుందనుకున్నాము. అది బుడమేరు నీరని తెలిసేసరికి గడప దాటి లోపలికి వచ్చింది. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే బుడమేరుకు పెద్ద వరద వస్తే, వెలగలేరు రెగ్యులేటరు దగ్గర నుంచి మళ్లింపు కాలువ ద్వారా కొంత నీటిని కృష్ణలోకి వదలడం ఏర్పాటు. ఈసారి కృష్ణే పోటెత్తి ఉన్నది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది, బ్యారేజీ చరిత్రలో అంతకు ముందెన్నడూ అంత నీరు రాలేదు. నదిలోకి పోలేని నీరు వెనక్కు తన్నింది, కాలువ కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి, సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, కండ్రిక అంతా చెరువైపోయింది. మూడో గండిని సైన్యం సాయంతో పూడ్చేసరికి వినాయక చవితి వచ్చింది. మేము మూడో రోజు పడవ మీద సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దాకా వెళ్లి, అక్కడి నుంచి చెల్లెలి ఇంటికి చేరాము. ఆ ప్రయాణం గురించి ఇక్కడ రాయను, అది వేరే దుఃఖం.

తిరిగి వచ్చిన రోజున ఇంట్లో కనిపించింది నీళ్లు కాదు, బురద. జానెడు మందాన, నల్లగా, వెన్నలాగా మెత్తగా, మురుగు వాసనతో ప్రతి గదిలోనూ పరుచుకుని ఉన్నది. గోడల మీద నాలుగున్నర అడుగుల ఎత్తున, దారం పట్టి గీసినట్లుగా, నీరు నిలిచిన గీత. మావారు వెంటనే చీపురు అందుకోబోయారు. ఎలక్ట్రీషియనే ఆపి, ముందు ప్రతి గదికీ, ప్రతి వస్తువుకూ, ఆ గీత కనిపించేటట్లుగా ఫోటోలు తీయించాడు. తరువాత నష్టాలు రాసుకోవడానికి వార్డు సచివాలయం సిబ్బంది వచ్చినప్పుడు ఆ ఫోటోలే పనికొచ్చాయి. అప్పటికి ఇల్లు కడిగేసి ఉన్నాము, చూపించడానికి వేరే ఏమీ లేదు.

బురద విషయంలో మాత్రం ఆగకూడదు. తడిగా ఉన్నప్పుడు నీళ్ల ధారకు కదిలే ఆ ఒండ్రు, రెండు రోజులు ఎండ తగిలితే గట్టిపడి పారకు కూడా లొంగదు. మా అదృష్టం కొద్దీ, ప్రభుత్వం వీధి వీధికీ పంపిన అగ్నిమాపక శకటం మా ఇంటి ముందుకు ఆ మరుసటి రోజే వచ్చింది. వెనక గది నుంచి మొదలుపెట్టి వీధి గుమ్మం వైపుకు, లోపలి నుంచి బయటికి, ఆ సిబ్బంది గంటన్నరలో చేసిన పని మేము ఇద్దరం వారం రోజులు చేసినా తెమిలేది కాదు. వాళ్ల చేత ఒక గ్లాసు మజ్జిగ తాగించడానికి కూడా ఆరోజు మా ఇంట్లో పాత్ర లేదు.

ఇక కరెంటు సంగతి. ఈ ఎలక్ట్రీషియన్ 2011లో పై అంతస్తుకు వైరింగు చేసినవాడు, అప్పటికి కుర్రవాడు. ఆ తరువాత ఏ చిన్న పనికి పిలిచినా వచ్చేవాడు, రాలేని రోజున రాలేనని చెప్పేవాడు. అతను ముందుగా ప్రతి స్విచ్ బోర్డు మూతా విప్పి గోడకు వేలాడదీశాడు. పైనుంచి చూస్తే కడిగినట్లు కనిపిస్తున్న బోర్డుల వెనక పెట్టెల్లో గుప్పెడేసి బురద ఉన్నది. తరువాత గోడలోని పైపుల నుంచి వైర్లు కొంత కొంత బయటికి లాగితే, లోపల నిలిచిన నీరు సన్నటి ధారగా నేల మీదికి కారింది. ఇల్లంతా కడిగి, తుడిచి, ఫ్యాన్లు వేసుకోవాలని తొందరపడుతున్న నాకు ఆ ధారను చూసిన తరువాత మాట రాలేదు. నీటి గీతకు కింద ఉన్న స్విచ్చులు, ప్లగ్గులు, ఎంసీబీలు (కరెంటు మితిమీరితే తమంతట తామే ఆపేసే స్విచ్చులు) ఒక్కటి కూడా ఉంచకుండా తీసేయించాడు. “ఆరబెడితే ఇవాళ పని చేస్తాయండి. ఎంసీబీ పని ప్రమాదం వచ్చిన రోజున పడిపోవడం. లోపల తుప్పు పట్టినది ఆ రోజున పడుతుందో లేదో నేను చెప్పలేను,” అన్నాడు.

వైర్ల విషయంలో మాత్రం అన్నీ పీకి కొత్తవి వేద్దామని అనలేదు. అలా అంటే అతనికే లాభం, ఆ రోజుల్లో మేము కాదనే స్థితిలోనూ లేము. రాగి వైరు మీద పీవీసీ తొడుగు ఉంటుంది కాబట్టి, చీలిక గానీ మధ్యలో అతుకు గానీ లేని వైరు నీళ్లలో మునిగినంత మాత్రాన పాడైపోదని, ఆ సంగతి కంటితో కాదు మెగ్గర్‌తో చూడాలని చెప్పి, ఆ పరికరం తెచ్చాడు. అది 500 వోల్టుల ఒత్తిడి పెట్టి, వైరు నుంచి వైరుకు, వైరు నుంచి ఎర్తుకు కరెంటు జారిపోకుండా తొడుగు ఎంత అడ్డుకుంటున్నదో మెగా ఓముల్లో కొలుస్తుంది. ఒక మెగా ఓమ్‌కు తక్కువ చూపిస్తే ఆ లైనుకు కరెంటు ఇవ్వకూడదు. మొదటి రోజు వంటగది లైను దాని దరిదాపుల్లో కూడా లేదు. ఎనిమిది రోజులు బోర్డులన్నీ తెరిచి ఉంచి, మళ్లీ కొలిచి, అతుకులున్న రెండు లైన్లు మాత్రం కొత్తగా వేసి, పన్నెండో రోజున జేబులోని ఫ్యూజులు తిరిగి పెట్టాడు. అన్నిటికీ ముందు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి బిగించాడు. ఎవరికైనా షాకు తగిలితే కరెంటును తానే ఆపేసే ఆ పెట్టె, ఇరవై ఎనిమిదేళ్లుగా మా ఇంట్లో లేదన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

ఇక్కడ ఒక మాట తప్పనిసరిగా చెప్పాలి. మెయిన్ దించేశాము కదా, ఇంట్లో కరెంటు లేదు అనుకోవడం ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో పొరపాటు. బ్యాటరీలో ఛార్జింగు మిగిలి ఉంటే, మెయిన్ దించినా బోర్డుల్లోకి కరెంటు వస్తూనే ఉండవచ్చు. మా ఇన్వర్టర్ పూర్తిగా మునిగి చచ్చిపోయింది, బ్యాటరీలోకి బురదనీరు చేరింది. అయినా అతను చేతికి రబ్బరు తొడుగు వేసుకుని, బ్యాటరీ వైర్లు ఊడదీసిన తరువాతే మమ్మల్ని ఆ గదిలోకి రానిచ్చాడు. ఆ పన్నెండు రోజులూ మాకు ఉన్నది పై అంతస్తు నుంచి విడిగా దించిన ఒక్క లైను, దానికి ఒక బల్బు, ఒక టేబుల్ ఫ్యాను. పైన అద్దెకున్న వాళ్లు ఆ కరెంటుకు డబ్బు తీసుకోవడానికి ఒప్పుకోలేదు.

మోటారు, సంపు, మరుగుదొడ్డి పనులు అంత చెప్పుకోదగినవి కావు, కానీ ఒకదానిలో పెద్ద జాగ్రత్త ఉన్నది. మోటారును వైండింగు షాపుకు పట్టుకెళితే, అక్కడ వాకిలి నిండా మా కాలనీ మోటార్లే వరుసగా పడి ఉన్నాయి. ఆ పెద్దాయన వైండింగు (లోపలి తీగల చుట్ట) కాలలేదని చూసి, దాన్ని వేడిపెట్టెలో ఆరబెట్టి వార్నీషు పట్టించి, బేరింగులు, కండెన్సర్ మాత్రం మార్చి ఇచ్చాడు. కొత్త వైండింగు చేశానని చెప్పి డబ్బు అడిగినా మాకు తెలిసే మార్గం లేదు. సంపు మాత్రం మూడుసార్లు తోడించి, గోడలు రుద్దించి, బ్లీచింగ్ పొడితో కడిగించాము. మా సెప్టిక్ ట్యాంకు, సంపు రెండూ మునిగినవే, రెంటి నీరూ కలిసినదే. మామూలు రోజుల్లో 1,000 లీటర్ల నీటికి 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పొడి సరిపోతుందని ఆరోగ్య పాఠాల్లో పిల్లలకు నేనే చెప్పేదాన్ని. మురుగు కలిసిన సంపుకు ఆ లెక్క చాలదు, నిలవ నీరంతా పారబోసి మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే. అయినా దసరా వరకు మేము ఆ నీటిని తాగలేదు, వండలేదు. సెప్టిక్ ట్యాంకు బురదను లారీ వచ్చి లాగేసే వరకు ప్లంబరు కింది మరుగుదొడ్డికి తాళం వేయించాడు.

ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ బాగుచేస్తామంటూ చాలామంది వచ్చారు. వాషింగ్ మెషీన్ బతికింది. ఫ్రిజ్ చూసిన మెకానిక్, దాని గోడల మధ్య ఉండే నురుగులాంటి పొర మురుగునీరు తాగిందని, కంప్రెసర్ నడిచినా ఆ వాసన, ఆ క్రిములు పోవని, దాని మీద ఖర్చు పెట్టవద్దని చెప్పి, చూసినందుకు కూడా ఏమీ తీసుకోకుండా వెళ్లిపోయాడు.

అందరూ అలాంటివాళ్లే దొరికారని చెప్పడం నిజం కాదు. రెండో రోజున ఒకాయన చేతిలో కార్డు, భుజాన సంచి వేసుకుని వచ్చి, ఇల్లంతా శుభ్రం చేయించి మందు కొట్టిస్తానని 5,000 రూపాయలు అడ్వాన్సు తీసుకుని మళ్లీ కనిపించలేదు. నాలుగు రోజులకు మరొకాయన, గోడలకు తడి రాకుండా చేసే పూత ఒకటి ఉన్నదని, రెండుసార్లు పూస్తే దసరా నాటికి రంగు వేసుకోవచ్చని, కాలనీలో పది ఇళ్లవాళ్లు ఒప్పుకున్నారని చెప్పాడు. నేను దాదాపు ఒప్పుకున్నాను. ఆ గీతను రోజూ చూడలేకపోతున్నాను, ఎలాగైనా దాన్ని కప్పేయాలని ఉండేది. అప్పుడే మేస్త్రి వచ్చి ఉండకపోతే ఆ పూతకు అతను అడిగిన 38,000 రూపాయలు గోడలకు పూసేసి ఉండేవాళ్లం.

మేస్త్రిని పంపింది ఎలక్ట్రీషియనే. ఆయనకు అరవై ఏళ్లుంటాయి, తక్కువ మాట్లాడతారు. వచ్చిన రోజున పని గురించి ఏమీ అనకుండా, సుత్తి కాడతో గోడలన్నీ అడుగు అడుగునా తట్టుకుంటూ, నేలను పలుగు చివరతో మోగించుకుంటూ, ఇల్లంతా ఒక చుట్టు తిరిగారు. గట్టిగా మోగిన చోట వదిలేశారు, బోలుగా మోగిన చోట బొగ్గుముక్కతో సున్నా చుట్టారు. వెనక గదిలో నేల కింద ఇసుక కొట్టుకుపోయి మొజాయిక్ ఉత్త గాలి మీద నిలబడి ఉన్నదని అలా తట్టినప్పుడే బయటపడింది. ఆ గదిలో బీరువా నిలబెట్టి ఉంటే నేల కుంగిపోయేదే. పూత సంగతి అడిగితే గోడ మీద అరచెయ్యి ఆనించి, “దీని కడుపులో ఇంకా ఏరు ఉందమ్మా. మూత పెడితే ఎటు పోద్ది?” అన్నారు.

ఆయన విడమరిచి చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. ఇటుక తాగిన నీరు బయటికి రావడానికి గోడ ముఖం ఒక్కటే దారి. వచ్చేటప్పుడు అది ఇటుకలోని, సిమెంటులోని ఉప్పును కరిగించి తెస్తుంది. ముఖం తెరిచి ఉంటే నీరు ఆవిరైపోయి, ఉప్పు తెల్లటి నూగులాగా పూస్తుంది, దాన్ని పొడి బ్రష్షుతో దులిపేస్తే సరి. తడిగుడ్డతో తుడిస్తే అది మళ్లీ కరిగి గోడలోకే పోతుంది. ముఖాన్ని పూతతోనో, లప్పంతోనో, ప్లాస్టిక్ రంగుతోనో మూసేస్తే మాత్రం, ఆ ఉప్పు రంగు వెనకే పేరుకుని, రంగును పొక్కించి, చివరకు ప్లాస్టరింగును కూడా పెచ్చులుగా ఊడదీస్తుంది. తొమ్మిది అంగుళాల గోడ రెండు వైపుల నుంచీ ఆరినా, అంగుళానికి ఒక నెల లెక్కన, నాలుగు నెలల పైమాట. పైగా మన కోస్తాలో అక్టోబరు, నవంబరు వానల్లో గోడ ఆరేది తక్కువే. అంటే సంక్రాంతి దాటాలి.

అందుకని ఆయన చేసినది కప్పడం కాదు, విప్పడం. నీటి గీతకు అడుగు పైదాకా పాత లప్పాన్ని, ఎమల్షన్ రంగును గీకించారు. బోలుగా మోగిన ప్లాస్టరింగును మాత్రం ఊడగొట్టించి, ఇటుక కనిపించేటట్లు వదిలేశారు. నేల అంచున ఉన్న స్కర్టింగు రాళ్లను జాగ్రత్తగా తీయించి, లెక్కపెట్టి, గోతాంలో కట్టించారు. కిటికీలు పగలంతా తీసి ఉంచమని, సామాను ఏదీ గోడకు ఆనకుండా మూరెడు ఎడంగా పెట్టమని చెప్పారు. పండక్కి ఇల్లు ఇలా ఉంటే ఎలా అని నేను బాధపడితే, దసరా ముందు రోజుల్లో ఒక కుర్రవాడిని తీసుకొచ్చి, పలచగా సున్నం కలిపి వెల్ల వేయించారు. సున్నం గోడ ఊపిరికి అడ్డం రాదని, కావాలంటే నెలకోసారి వేసుకోవచ్చని చెప్పారు. చిన్నప్పుడు మా అమ్మ ప్రతి పండగకూ గోడలకు వెల్ల ఎందుకు వేయించేదో నాకు అప్పటివరకు పండగ కారణమే తెలుసు.

ఆయన మా ఇంట్లో పని మొదలుపెట్టిన నాలుగో రోజున, మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు, తన ఇల్లు వాంబే కాలనీలో ఉన్నదని, అది కూడా మునిగిందని, భార్య ఇంకా కూతురి దగ్గరే ఉన్నదని మాటల్లో చెప్పారు. అప్పటికి తన ఇంట్లో బురద ఎత్తారు గానీ, తలుపులు లేవు. నేను నిజంగా తల వంచుకున్నాను. రోజు కూలి 1,200 రూపాయలని చెప్పినప్పుడు మావారు వెయ్యికి బేరమాడి ఉన్నారు. ఆ సాయంత్రం నుంచి ఆయన మొదట అడిగినంతా ఇచ్చాము, తగ్గించిన మూడు రోజుల తేడా కూడా ఇచ్చాము. రెండు రోజులు మీ ఇంటి పని చూసుకుని రమ్మని చెబితే, ఒక ఆదివారం మాత్రం తీసుకున్నారు. ఆ రోజుల్లో మన ఇళ్లకు వచ్చిన పనివాళ్లలో ఎంతోమంది మనలాగే మునిగినవాళ్లు. మన గోడ కంటే ముందు వాళ్ల గోడ ఆరాలని అడగడం వాళ్లకు చేతకాదు. వరద తరువాత రేట్లు పెంచేశారని కూలివాళ్లను తిట్టేవాళ్లను విన్నప్పుడల్లా నాకు ఆ మధ్యాహ్నమే గుర్తుకొస్తుంది.

వడ్రంగి పని చూస్తే కూడా ఇదే వరస. టేకు తలుపులన్నీ ఉబ్బి, ద్వారబంధాల్లో బిగుసుకుపోయాయి. పక్కవాళ్లు చిత్రిక పట్టించుకుని హాయిగా మూసుకుంటుంటే, మా వడ్రంగి మాత్రం ఒప్పుకోలేదు. ఇప్పుడు చిత్రిక పడితే, చెక్క ఆరి తన కొలతకు వచ్చిన తరువాత వేలెడు సందు మిగిలిపోతుందని, ఆ సందును ఏ వడ్రంగీ పూడ్చలేడని చెప్పి, తలుపులను బందుల నుంచి తప్పించి, పడసాలలో ఇటుకల మీద బల్లపరుపుగా, ఎండ తగలకుండా ఆరబెట్టించాడు. ఎండలో పెడితే పగుళ్లు ఇస్తుందట. నెలన్నర రోజులు మా పడక గదులకు తలుపులకు బదులు పాత దుప్పట్లు వేలాడాయి. దీపావళి తరువాత వచ్చి తగిలిస్తే, ఆరు తలుపుల్లో నాలుగు ఒక్క పొరకూడా తీయనక్కర లేకుండా కూర్చున్నాయి. స్నానాలగదుల ఫ్లష్ డోర్లు, వంటింటి ప్లైవుడ్ అరలు మాత్రం పొరలు పొరలుగా విడిపోయాయి, వాటికి ఏ ఓపికా పనికిరాదు.

కాగితాల సంగతి పనివాళ్లది కాదు గానీ రాయకుండా ఉండలేను. బీరువా కింది అరలో ఉన్న ఇంటి దస్తావేజు తడిసి ముద్దయింది. ఇస్త్రీ పెట్టబోయిన నన్ను చెల్లెలు ఆపింది. ఒక్కొక్క పుటనూ విడదీసి, మధ్యలో తెల్ల కాగితాలు పెట్టి, ఫ్యాను గాలికి నాలుగు రోజులు మారుస్తూ పోతే చాలావరకు చదవడానికి వచ్చింది. వార్తాపత్రికలు పెడితే వాటి సిరా అంటుకుంటుంది. దస్తావేజు చదవడానికి వీల్లేకుండా పాడైనవాళ్లు కూడా భయపడవలసిన పని లేదు, రిజిస్టరైన దస్తావేజుకు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో సర్టిఫైడ్ కాపీ ఇస్తారు. మా నాన్నగారి ఉత్తరాలకు మాత్రం అలాంటి కార్యాలయం లేదు.

కింది అంతస్తు మునిగిన ఇళ్లకు ప్రభుత్వం ప్రకటించిన 25,000 రూపాయలు మావారి ఖాతాలో పడ్డాయి. కరెంటు పనికి, మోటారుకు దాదాపు అంతే అయింది. మొత్తం మీద మాకు రెండు లక్షల నలభై వేల దాకా ఖర్చయింది, అందులో సగం ఫ్రిజ్, మంచాలు, వంటింటి అరలు. పనులన్నిటికీ ఒక నోటు పుస్తకం పెట్టాను. ఏ పని, ఎన్ని రోజులు, సామాను ఎవరు తేవాలి, పని ఎంతవరకు వస్తే ఎంత ఇవ్వాలి అన్నది మొదలుపెట్టే ముందే రాసి, ఇద్దరమూ చదువుకునేవాళ్లం. ఆ 5,000 పోయిన తరువాత నేర్చుకున్న పద్ధతి అది. మంచి పనివాళ్లెవరూ దానికి నొచ్చుకోలేదు. సామాను కొన్న రసీదులు మేస్త్రి తనంతట తానే ఆ పుస్తకంలో అంటించేవారు.

దసరాకు మా వీధిలో చాలా ఇళ్లు కొత్త రంగులతో మెరిశాయి, మా ఇల్లు ఇటుకలు బయటపడి, వెల్ల మచ్చలతో ఉన్నది. చూడవచ్చిన బంధువులు ఇంకా బాగుచేయించుకోలేదా అని అడిగితే, ఏడుపు వచ్చిన రోజులు ఉన్నాయి. నవంబరు చివరి వారానికి ఎదురింటి వరండాలో నీలిరంగు గోడ బొబ్బలెక్కింది. డిసెంబరులో అది అరచేతి వెడల్పు పెచ్చులుగా రాలడం మొదలుపెట్టింది. వాళ్లు నాకు ఎంతో కావలసినవాళ్లు, ఆ గోడ మీద వాళ్లు పెట్టిన డబ్బు అప్పు తెచ్చినది. వాళ్లకు తప్పు సలహా ఇచ్చినవాడి మీద నాకు ఇప్పటికీ కోపం ఉన్నది. ఆ తరువాత మేస్త్రిని వాళ్లింటికి నేనే తీసుకెళ్లాను.

రంగులు వేసే అతను సంక్రాంతి వెళ్లిన వారానికి వచ్చాడు. డబ్బాలు తేలేదు, ఒక పాలిథిన్ కాగితం చుట్ట, టేపు తెచ్చాడు. ప్రతి గోడకూ గీత ఉన్న చోట మూరెడు చదరాన ఆ కాగితాన్ని నాలుగు అంచులా గాలి చొరకుండా అంటించి, మరునాడు ఇదే వేళకు వస్తానని వెళ్లిపోయాడు. లోపల తడి ఉంటే రాత్రికి రాత్రి అది ఆ కాగితం వెనక చెమటలాగా పడుతుంది. ఆ రాత్రి నేను రెండుసార్లు లేచి టార్చి వేసి చూశాను. తెల్లవారి చూస్తే ముందు గది, హాలు, పడక గదులు పొడిగా ఉన్నాయి. వెనక గది ఉత్తరపు గోడ మీది కాగితం మాత్రం వెనక నుంచి మసకబారి, దాని అడుగున సన్నటి చుక్కలు నిలిచి ఉన్నాయి. ఆ గోడకు ఎండ రాదు, అవతల పక్కింటి ప్రహరీ ఆనుకుని ఉన్నది.

మిగిలిన గదులకు ఫిబ్రవరిలో ప్లాస్టరింగు అతుకులు వేయించి, అవి నీళ్లు పట్టి గట్టిపడి ఆరిన తరువాత, లప్పం పెట్టించి, రంగులు వేయించాము. మేస్త్రి గోతాంలో కట్టించిన స్కర్టింగు రాళ్లు లెక్క తప్పకుండా మళ్లీ గోడ అంచుకు చేరాయి. ఉత్తరపు గోడను మాత్రం మేస్త్రి, రంగుల అతను ఇద్దరూ నిలబడి చూసి, కాసేపు మాట్లాడుకుని, వేసవి దాటనివ్వండి అన్నారు. మే నెలాఖరులో మళ్లీ కాగితం అంటించారు, చుక్కలు తగ్గాయి గానీ పోలేదు. ఆ గోడకు ఇప్పటికీ వెల్లే. ఉప్పు పూసినప్పుడల్లా నేను పొడి బ్రష్షుతో దులిపి, కింద రాలినది చేటలోకి ఎత్తి బయట పారబోస్తున్నాను.